ఆ కాగితం నేను సరిగా చదవలేదు



ఈసారి కొంచెం పొడుగ్గా రాస్తా ఉండాను. తీరిక ఉన్నప్పుడు చదవండి. నేను తమిళ మీడియంలో చదివినవాడినని మీకందరికీ తెలుసు. బడిలో నాకు తెలుగు అక్షరం ఒక్కటి కూడా చెప్పినవాళ్ళు లేరు. రైల్వేలో చేరినాక, జోలార్‌పేట నుంచి బంగారుపేటకు పోయే దారిలో కుప్పం స్టేషను బోర్డు చూసి చూసి, మన అక్షరాలు కూడబలుక్కొని నేర్చుకొన్నాను. అందుకే ఒత్తులూ దీర్ఘాలూ తప్పు పడితే సర్దుకొని చదవండి. చెప్పబోయే సంగతి మాత్రం సర్దుకొనేది కాదు.

పోయిన నెల ఒక ఆదివారం మా తమ్ముని కొడుకు తళి నుంచి బండిమీద ఒసూరుకు మా ఇంటికి వచ్చినాడు. వెనకాల మా తమ్ముడు. తమ్ముడు నా ఇంటి గడప తొక్కి చాలా కాలమైంది. చిన్నోడు జేబులోనుంచి మడత పెట్టిన కాగితం తీసి, "పెద్దనాయనా, మన చేను మీద ఇంకో కరెంటు లైను పోతాదంట. గూటాలు కొట్టిపోయినారు. ఇది చదివి చెప్పు" అన్నాడు. నేను కండ్లద్దాలు వెతుక్కొంటా ఉంటే తమ్ముడు గోడవైపు చూసి ఒక్క మాట అన్నాడు.

"చదువన్నా. ఆ పొద్దు చదివినట్ల మాత్రం చదవద్దు."

ఆ మాట అన్నాక మా మరదలు ఇచ్చి పంపిన ఊరిబిండి గిన్నె బల్లమీద పెట్టి, కుర్చీలో కూచున్నాడు. నాకు మాత్రం కాగితంలో అక్షరాలు కొంచెంసేపు కనపడలేదు.

ఆ పొద్దు ఏమైందో ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మా ఇంటివాళ్ళకు తెలుసు, బయటివాళ్ళకు తెలియదు. ఈ పొద్దు చెప్తాను.

అప్పటికి నేను ఉద్యోగంలో చేరి అయిదారేండ్లు అయి ఉంటుంది. గూడ్స్ ఆఫీసులో క్లర్కు. మా ఊరిలో మొదటి సర్కారు ఉద్యోగం నాది. ఊరిలో ఎవరికి ఏ కాగితం వచ్చినా, నేను సెలవుకు వచ్చేవరకు దాన్ని దాచిపెట్టేవాళ్ళు. మా నాయనకు చదువు లేదు. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం, ఆఫీసుల్లో తమిళం మాట్లాడేవాడు. మూడు బాసలు మాట్లాడతాడు, ఒకటీ చదవలేడు. మన తళి పక్క పెద్దవాళ్ళు చాలామంది అంతే కదా.

ఆ కాగితం తమిళంలో ఉండింది. మన చేనిమీద నాలుగు లక్షల వోల్టుల లైను పోతుంది, ఒక టవరు మన చేనిలోనే నిలబడుతుంది, చెట్లకూ పైరుకూ నష్టం కట్టిస్తాం అని సారాంశం. కింద ఇంకా చాలా రాసి ఉండింది. నేను పైన నాలుగు వరసలు చదివినాను. బస్సుకు టైమైపోతా ఉంది. నాయన అడిగినాడు, "ఏమప్పా, వద్దంటే కాదా?" అని. నేను ఏమన్నానో నాకు ఇప్పటికీ బాగా గుర్తు. "సర్కారు పని నాయనా. మనం వద్దంటే నిలుస్తుందా? దేశానికి కావాల. వేలిముద్ర వెయ్యి" అన్నాను. స్టాంపు ప్యాడు నా సంచిలోనే ఉండింది. నాయన బొటనవేలు నేనే పట్టుకొని అద్దించినాను.

కింద చదివి ఉంటే ఏముండేదో తెలుసా? ఇచ్చే సొమ్ము తక్కువ అనిపిస్తే జిల్లా జడ్జి దగ్గరికి పోవచ్చు అని ఉండింది. నేను చదవలేదు. నాయనకు చెప్పలేదు.

మూడు నెలలకు చింతచెట్టు పోయింది. మా తాత పెట్టిన చెట్టు. ఏటా కాయ దులిపితే ఇంటికి పోను అమ్మి, రాగుల విత్తనానికీ ఎరువుకూ సరిపోయేది. రెండు పనస చెట్లు పోయినాయి.  చెట్లకు ఇంత, పైరుకు ఇంత అని లెక్క కట్టి ఇచ్చినారు. ఆ సొమ్ము మూడేండ్ల చింతపండుకు సరి. టవరు కాళ్ళ కింద పోయిన భూమికి ఏమీ లేదు. తీగల కింద ఇంక పెద్ద చెట్టు పెట్టకూడదు, ఇల్లు కట్టకూడదు. దానికీ ఏమీ లేదు. అప్పటి పద్ధతి అది.

నాయన నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. వానపొద్దున తీగలు జుయ్‌మని మోగుతా ఉంటే, చేనిగట్టు మీద కూచొని పైకి చూసేవాడు. "ఇంత కరెంటు మన నెత్తిమీద పోతా ఉంటే, మన మోటారుకు రాత్రి రెండు గంటలకు కదా ఇస్తారు" అని ఒకసారి అన్నాడు. జవళగిరి అడవి పక్కన రాత్రి పూట మోటారు వెయ్యడానికి పోవడం అంటే ఏమిటో, ఏనుగులు దిగే ఊర్లవాళ్ళకు చెప్పనక్కర లేదు.

భాగాలు పంచుకొన్నప్పుడు లైను కింద చేను తమ్మునికి పోయింది. నాకు ఉద్యోగం ఉందని ఇంటి పక్క ముక్క చాలు అన్నాను. అదేదో త్యాగం చేసినట్టు అనుకొన్నాను. తరువాత తమ్ముడు ఆడపిల్ల పెండ్లికి అర ఎకరా అమ్మబోతే, కొనేవాడు వచ్చి తల ఎత్తి తీగలు చూసి, పక్క చేనికి చెప్పిన ధరలో సగం చెప్పినాడు. ఆ సాయంత్రం మా ఇద్దరికీ మాటలు పెరిగినాయి. నేను మళ్ళీ అదే పాట పాడినాను, దేశానికి కావాల అని. వాడు లేచి పోయినాడు.

ఇక్కడ నా తప్పు పూర్తిగా ఒప్పుకొంటాను, కానీ ఒక మాట వెనక్కి తీసుకోను. లైన్లు కావాల. ఎందుకో చెప్తాను.

తీగలో పోయే కరెంటులో కొంత, దారిలోనే వేడిగా పోతుంది. అంతే కరెంటును రెండింతలు వోల్టేజీలో పంపితే ఆ నష్టం నాలుగో వంతుకు తగ్గుతుంది. అందుకే దూరం పోయేకొద్దీ వోల్టులు పెంచుతారు. మన పక్కనే, 1902లో శివనసముద్రం నుంచి కోలారు బంగారు గనులకు 92 మైళ్ళు తీగలు లాగి కరెంటు తీసుకుపోయినారు. అప్పటికి అది ప్రపంచంలోనే పొడుగైన లైన్లలో ఒకటి. గనుల్లో దిగి పని చేసినవాళ్ళలో మన తెలుగువాళ్ళూ తమిళులూ ఎంతమందో.

2012 జూలై 30, 31 తేదీలు గుర్తుండాయా? ఉత్తరాదిలో గ్రిడ్డు కూలింది. రెండోరోజు 60 కోట్లమందికి పైగా చీకట్లో పడినారు. వందల రైళ్ళు ఎక్కడివక్కడ నిలిచిపోయినాయి. మా ఆఫీసులో ఫోన్లు ఆగలేదు. అప్పుడు మన దక్షిణం గ్రిడ్డు వేరుగా ఉండింది కాబట్టి మనకు తగలలేదు. అందుకు సంతోషపడినాం. కానీ అదే వేరుగా ఉండటం వల్లనే, ఉత్తరాన మిగులు కరెంటు ఉన్నా మనకు కావలసినంత తెచ్చుకొనే దారి లేదు. ఆ ఏండ్లలో తమిళనాడు ఊర్లలో గంటల తరబడి కోతలు. ఒసూరు సిప్‌కాట్‌లో చిన్న వర్క్‌షాపులవాళ్ళు డీజిలు పోసి పోసి అప్పులపాలైనారు. మన సంఘంలోనే ఉండారు అట్లాంటివాళ్ళు. 2013 డిసెంబరు 31న రాయచూరు, షోలాపూరు మధ్య 765 కె.వి. లైను కలిసినాక దేశమంతా ఒకే గ్రిడ్డు అయింది. ఆ తరువాత రాయగఢ్ నుంచి మన కరూరు పక్క పుగళూరు దాకా 800 కె.వి. డి.సి. లైను వచ్చింది. 6,000 మెగావాట్లు మోసే లైను అది. ఈమధ్యనే మన ఒసూరు రైలుదారికీ తీగలు వచ్చినాయి. 25,000 వోల్టుల ఆ కరెంటు ఎవడో ఒకరి చేనిమీదుగా రావలసిందే కదా.

అందుకని లైను వద్దు అనేవాళ్ళలో నేను లేను. నా ప్రశ్న ఒక్కటే. ఆ లైనుకు ఖర్చు ఎవరు కడుతుండారు?

నేను ముప్పై ఏండ్లకు పైగా సరుకు కిరాయి లెక్కలు రాసినవాడిని. దాని ప్రకారం చెప్తే మీకు సుళువుగా ఉంటుంది. కరెంటు తయారుచేసేది సరుకు. లైను దారి. లైను కిరాయి వేరు, సరుకు ధర వేరు. మన బిల్లులో రెండూ కలిసిపోయి ఉంటాయి కాబట్టి మనకు కనపడదు. రాష్ట్రాల మధ్య పోయే లైన్ల కిరాయి తేల్చేది ఢిల్లీలోని కేంద్ర విద్యుత్ నియంత్రణ కమిషను. రాష్ట్రం లోపలి లైన్లకు చెన్నైలో మన రాష్ట్ర కమిషను. ఇవి 1998 చట్టంతో పుట్టినాయి, 2003 విద్యుత్ చట్టంతో బలపడినాయి. అంతకుముందు 1957 నుంచి ఉన్న మన కరెంటు బోర్డు, దరా తనే, ఖర్చూ తనే, తీర్పూ తనే. 2010లో బోర్డును విడదీసి లైన్లకు వేరే కంపెనీ పెట్టినారు.

కమిషను లైను కిరాయి ఎట్ల కడుతుందంటే, లైను వెయ్యడానికి 100 రూపాయలు అయితే 70 అప్పు, 30 సొంత డబ్బు అని లెక్క వేసుకొంటుంది. అప్పుకు వడ్డీ, అరుగుదల, మరమ్మతు ఖర్చు, వీటితోపాటు ఆ 30 మీద లాభం కలుపుతుంది. కేంద్ర కమిషను పాత లైన్లకు ఆ లాభం ఏటా 15.5 శాతం పెట్టింది. 2024 ఏప్రిల్ తరువాత వచ్చే కొత్తవాటికి 15 శాతం. లైను ఆయుష్షు 35 ఏండ్లని లెక్క. ఈమధ్య చాలా లైన్లు టెండరు పద్ధతిలో పోతుండాయి, తక్కువ కిరాయి అడిగినవాడికి ఇస్తారు. ఏ పద్ధతి అయినా, ఈ కిరాయిని రాష్ట్రాలన్నీ పంచుకొని నెలనెలా కట్టాల. వ్యాగను బుక్ చేసుకొని సరుకు ఎక్కించకపోయినా కిరాయి కట్టవలసినట్టే, దారి కోసం రాసుకొన్న సామర్థ్యానికి కట్టాల.

ఇది తప్పని నేను అనను. ఇంత పెద్ద ఖర్చు పెట్టేవాడికి నమ్మకం లేకపోతే ఎవడూ లైను వెయ్యడు. బ్యాంకు వడ్డీ బిల్లులోకి వస్తుంది. ఇనుము ధర, సిమెంటు ధర బిల్లులోకి వస్తాయి. టవరు బోల్టు ధర కూడా వస్తుంది. కోట్లమంది మీద పంచితే ఒక్కొక్కరికి పైసలే పడుతుంది. మరి మా తాత చింతచెట్టు? టవరు కింద పోయిన భూమి? సగం ధరకు అడిగిన అర ఎకరా? అవి ఏ లెక్కలోకీ రాలేదు. రాలేదు కాబట్టి లైను చవకగా పడింది అన్నారు. చవకేమీ కాదు. అందరమూ పంచుకోవలసిన ఆ ఖర్చును మా నాయన ఒక్కడే కట్టినాడు, వేలిముద్ర వేసి. తరువాత మా తమ్ముడు కట్టినాడు. నేను ఒసూరులో ఫ్యాను కింద కూచొని, ఆ చవక కరెంటు వాడుకొన్నాను.

గూడ్స్ ఆఫీసులో లెక్క కుదరకపోతే రాత్రంతా కూచొని వెతికేవాడిని. అర్ధరూపాయి తేడాకు కూడా. మా ఇంటి లెక్కలో ఇంత తేడా ఉండింది, వెతకడానికి నాకు ఇన్నేండ్లు పట్టింది.

బిల్లులో దర పెరిగితే మన జనం ఊరుకోరు. అది మంచిదే. 1970లో కోయంబత్తూరు పక్క రైతులు యూనిట్టుకు పెంచిన పైసలు తగ్గించమని రోడ్డెక్కినారు. పెరుమానల్లూరులో పోలీసు కాల్పుల్లో ముగ్గురు రైతులు పోయినారు. 1972లో ఎద్దుల బండ్లు తోలుకొచ్చి కోయంబత్తూరు రోడ్లు నింపేసినారు. ఆ పోరాటానికి ముందు నిలబడిన నారాయణస్వామి నాయుడు మన తెలుగు ఇంటి మనిషే. ఈ పొద్దు తమిళనాడులో చేనిమోటారుకు బిల్లు రావడం లేదంటే, దాని వెనకాల ఆ బండ్ల చప్పుడు ఉంది. 2000 ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో కరెంటు దరల మీద ఊరేగింపు పోతే అక్కడా కాల్పులు, ముగ్గురి ప్రాణాలు.

దర మీద పోట్లాట అందరికీ కనపడుతుంది, ఎందుకంటే బిల్లు ఇంటింటికీ వస్తుంది. టవరు కాగితం ఊరిలో పదిమందికే వస్తుంది. ఆ పదిమందిలో చదవగలిగినవాడు ఒకడు ఉంటాడు. ఆ ఒకడు బస్సు పట్టుకొనే తొందరలో ఉంటాడు.

కమిషను ముందు చెప్పుకొనే దారి కూడా మనకు దగ్గరగా లేదు. 2022లో దరలు పెంచడానికి ముందు ఆగస్టులో కోయంబత్తూరు, మదురై, చెన్నైలలో జనం మాట వినడానికి కూచున్నారు. సెప్టెంబరు 10 నుంచి కొత్త దర వచ్చింది. క్రిష్ణగిరి జిల్లావాడు నోరు తెరవాలంటే ఈ మూడు ఊర్లలో దేనికో పోవాల, లేదంటే రాసి పంపాల. రాసేది తమిళమో ఇంగ్లీషో. మన ఆడవాళ్ళలో, పెద్దవాళ్ళలో, ఇంట్లో తెలుగు తప్ప రాయి పట్టినా ఇంకో అక్షరం రానివాళ్ళు ఎంతమంది ఉండారో మీకు తెలుసు.

ఇప్పుడు కాగితం సంగతికి వస్తాను. చిన్నోడు తెచ్చిన కాగితాన్ని ఈసారి మొదటినుంచి చివరిదాకా రెండుసార్లు, గట్టిగా, తెలుగులో చెప్పుకొంటా చదివినాను. తరువాత మూడు వారాలు తెలిసినవాళ్ళను, కోర్టులో పని చేసే మన సంఘం తమ్ముణ్ణి, నాతో పని చేసి రిటైరైనవాళ్ళను అడిగి అడిగి తెలుసుకొన్నది కింద రాస్తా ఉండాను. మీ ఇంటికి ఇట్లాంటి కాగితం వస్తే పనికొస్తుంది.

మొదటిది. లైను వేసేవాళ్ళకు మన చేనిలోకి వచ్చే హక్కు ఎక్కడిదంటే 1885 టెలిగ్రాఫు చట్టంనుంచి. తెల్లవాడు తంతి తీగలు లాగుకోవడానికి చేసుకొన్న చట్టం. మన 2003 విద్యుత్ చట్టం 164వ సెక్షను ప్రకారం సర్కారు ఆ అధికారాన్ని కరెంటు లైన్లవాళ్ళకు ఇవ్వవచ్చు. తంతి సేవ 2013 జూలైలోనే ఆగిపోయింది. స్టేషనులో మోర్సు టక్కుటక్కు విన్న నాలాంటివాళ్ళకు అది ఒక సావు లాంటిదే. తంతి పోయింది, దాని చట్టం మన చేలల్లో ఇంకా నడుస్తా ఉంది. 2023లో కొత్త టెలికాం చట్టం వచ్చినా, కరెంటు లైన్లకు మాత్రం పాత చట్టంలోని ఆ భాగం చెల్లుతుందని అందులోనే పెట్టినారు. ఈ దారిలో భూమి మన పేరుమీదనే ఉంటుంది, సేకరణ కాదు. పట్టా మనది, పన్ను మనది, పైన తీగ వాళ్ళది.

రెండోది. అదే చట్టంలో మనకు పనికొచ్చేవీ ఉండాయి. 10వ సెక్షను ప్రకారం ఎంత తక్కువ నష్టం చెయ్యగలిగితే అంత తక్కువ చెయ్యాల, చేసిన నష్టానికి పూర్తిగా కట్టించాల. మనం అడ్డం చెప్తే, కలెక్టరు ఉత్తరువు లేకుండా బలవంతంగా చెయ్యడానికి లేదు, 16వ సెక్షను. ఆ కలెక్టరు ముందు మన మాట చెప్పుకోవచ్చు. కట్టిన సొమ్ము చాలదంటే జిల్లా జడ్జి దగ్గరికి పోవచ్చు. నేను ఆ పొద్దు చదవకుండా వదిలింది ఈ వరసే.

మూడోది. భూమి విలువకూ సొమ్ము అడగవచ్చు. 2015 అక్టోబరు 15న కేంద్ర విద్యుత్ శాఖ, 66 కె.వి., అంతకు పైన లైన్లకు ఒక పద్ధతి చెప్పింది. టవరు నాలుగు కాళ్ళ మధ్య భూమికి దాని విలువలో 85 శాతం. తీగల కింద పోయే పట్టీకి 15 శాతం దాకా. 2024 జూన్‌లో దాన్ని పెంచి, టవరు కింద భూమికి 200 శాతం, పట్టీకి 30 శాతం అని చెప్పింది. ఇది చెట్లకూ పైరుకూ ఇచ్చేదానికి పైన. కేంద్రం చెప్పింది రాష్ట్రం తన ఉత్తరువుగా తీసుకోవాల. అందుకని మన చేతిలో కాగితం ఏ లైనుది, దానికి ఏ ఉత్తరువు వర్తిస్తుంది అని మొదట అడగాల.

లెక్క చూపిస్తాను. పట్టీ వెడల్పు 220 కె.వి. లైనుకు 35 మీటర్లు, 400 కె.వి.కి 46 మీటర్లు. ఒక చేనిమీద 220 కె.వి. లైను 80 మీటర్లు పోతే 2,800 చదరపు మీటర్లు, అంటే దగ్గర దగ్గర 69 సెంట్లు. టవరు కాళ్ళ మధ్య ఒక సెంటున్నర. సెంటు 10,000 రూపాయలు అనుకొందాం, లెక్క కోసం. 2015 పద్ధతిలో మొత్తం 1 లక్షా 16 వేలు దాకా వస్తుంది. 2024 పద్ధతిలో 2 లక్షల 37 వేలు. మా నాయన కాలంలో సున్నా. సంతకం పెట్టేముందు అడిగితేనే ఈ తేడా చేతికొస్తుంది.

నాలుగోది. చెట్లకు అందరికీ ఒకే లెక్క అని చెప్తే ఒప్పుకోవద్దు. 2007లో కేరళ కేసు ఒకదానిలో సుప్రీంకోర్టు చెప్పింది. భూమి ఎక్కడుంది, లైను ఎంత దూరం దానిమీద పోతుంది, చేను అంచునా నడిమధ్యనా, ఇవన్నీ చూసే నష్టం కట్టాలని.

అయిదోది. దారి మార్చమని అడగడం తప్పు కాదు. పుగళూరు నుంచి త్రిశూరుకు పోయే లైను, కేరళలో వడక్కంచేరి దాటినాక భూమిలోపల కేబులుగా పోతుంది. మన పడమటి జిల్లాల రైతులు మాకూ అట్లే వెయ్యండి అని ఎన్నో రోజులు కూచున్నారు. కేబులుకు ఖర్చు చాలా ఎక్కువ, ఆ ఖర్చు తిరిగి మన బిల్లుకే వస్తుంది, అది కూడా తెలుసుకొని అడగాల. అన్నిచోట్లా కేబులు కుదరదు. కానీ టవరును చేను నడుమనుంచి గట్టు పక్కకు జరపమంటే అది న్యాయమైన మాట.

మేము అదే అడిగినాం. చిన్నోడు రోజాపూల కోసం అప్పు చేసి షెడ్డు వేసినాడు. గూటం సరిగ్గా ఆ షెడ్డు మూలలో కొట్టినారు. పట్టా, అడంగల్, షెడ్డు ఫోటోలు, బ్యాంకు కాగితం పెట్టి కలెక్టరుకు అర్జీ రాసినాం. తమిళంలో నేను రాసినాను, తెలుగులో తమ్మునికి చదివి వినిపించినాను, వాడు రెండుచోట్ల మార్చమన్నాడు, మార్చినాను. సర్వే చేసేవాళ్ళు మళ్ళీ వచ్చి చూసి కొలుచుకొని పోయినారు. జవాబు ఇంకా రాలేదు. గూటం అక్కడే ఉంది. అందుకని గెలిచినామని చెప్పడానికి ఈ రాత రాయడం లేదు.

అర్జీ మీద సంతకం పెట్టేటప్పుడు తమ్ముడు నా పెన్ను తీసుకొని, మొదటినుంచి చివరిదాకా తానే ఒకసారి వేలు పెట్టి వరసలన్నీ చూసుకొన్నాడు. వాడు అయిదో తరగతి దాకా చదివినాడు, తమిళం నిదానంగా వస్తుంది. అంతసేపూ నేను మాట్లాడలేదు. సంతకం పెట్టి, "ఆదివారం ఇంటికి రా అన్నా, సంగటి తిని పోదువు" అన్నాడు. పోయినాను. చేనికి కూడా పోయినాను. పాత టవరు కింద, నాయన కూచొనే గట్టు ఇప్పటికీ అట్లే ఉంది. చింతచెట్టు మొద్దు పక్కన పిలకలు వస్తాయంట, తీగకు తగలకుండా ఏటా కొట్టేస్తారంట.

సంఘానికి నా మనవి ఇది. నెలలో ఒక ఆదివారం పొద్దున నేను మన సంఘం గదిలో కూచుంటాను. కరెంటు లైను కాగితం, రోడ్డు కాగితం, బ్యాంకు కాగితం, ఏదైనా తీసుకురండి. చివరి వరసదాకా చదివి, తెలుగులో చెప్తాను. నాతోపాటు చదవడానికి మన పిల్లలు, తమిళమూ ఇంగ్లీషూ బాగా వచ్చినవాళ్ళు, ఇద్దరు ముగ్గురు రావాల. నేను వకీలును కాను, చట్టం మాట వకీలునే అడగాల. కానీ కాగితంలో ఏముందో తెలియకుండా మన పెద్దవాళ్ళు ఎవరూ ఇంక వేలిముద్ర వెయ్యకూడదు. మీ ఇంట్లో చదువుకొన్నవాడు మీరొక్కరే అయితే, బస్సు పోతే పోనీండి. ఇంకో బస్సు వస్తుంది.

తప్పులుంటే చెప్పండి, దిద్దుకొంటాను. లైను కాగితం వచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే కింద రాయండి, లేదంటే ఫోను చెయ్యండి.